చీకటి వంటింటికి కాస్త పసుపు, కాస్త నీలం, ఓ పాత జాడీ

అద్దెకి ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే ఓనర్‌గారు ముందు హాలు చూపిస్తారు. తర్వాత బాల్కనీ. ఆ తర్వాత మాస్టర్ బెడ్రూమ్, దాని అటాచ్డ్ బాత్రూమ్, అందులో గీజర్. చివర్లో ఓ తలుపు దగ్గర ఆగి, చెయ్యి లోపలికి పెట్టి స్విచ్ వేసి, "ఇదిగోండి కిచెన్" అంటారు. టైమ్ మిట్టమధ్యాహ్నం పన్నెండు! పట్టపగలు లైటేసి చూపించారంటేనే మనకి అనుమానం రావాలి. రాదు. మన మనసప్పటికే బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది కదా.

దిగాక తెలుస్తుంది అసలు సంగతి. వంటింటి కిటికీ తెరిస్తే ఆకాశం కాదు, డక్టు. అందులో నాలుగు ఫ్లాట్ల పైపులు, మూడు పావురాలు, పైవాళ్ల పోపు వాసన. కిటికీలో సగం ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆక్రమించింది. గట్టు నల్ల గ్రానైట్. కప్‌బోర్డులు చాక్లెట్ రంగు. పైన మధ్యలో ఒకే ఒక్క ట్యూబ్‌లైట్. ఈ గదిలో రోజుకి మూడు గంటలు నిలబడాలి ఎవరో ఒకరు. ఆ "ఎవరో ఒకరు" ఎవరో మీ ఇంట్లో మీకు తెలుసు.

ఎందుకింత చీకటి?

అపార్ట్‌మెంట్ ప్లాన్ గీసేటప్పుడు రోడ్డు వైపు గోడ హాలుకి పోతుంది, ఎందుకంటే అమ్ముడుపోయేది హాలే. పక్క గోడలు బెడ్రూములకి. మిగిలిన మూల వంటింటికి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం విడిగా డైనింగ్ ఉన్న ఇంట్లో వంటగది కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలి, వెడల్పు 1.8 మీటర్లకి తగ్గకూడదు. 5 చదరపు మీటర్లంటే దాదాపు 54 చదరపు అడుగులు. దానికో కిటికీ, అదీ ఒక చదరపు మీటరుకి తగ్గకుండా, ఖాళీ జాగా వైపు తెరుచుకోవాలంటుంది కోడ్. అంటే డక్టులోకి కాదు. ఈ లెక్క చేతిలో పట్టుకుని మన పాత అపార్ట్‌మెంట్లు ఓ పది తిరగండి. వైశాల్యంలో చాలావరకు పాస్. కిటికీ దగ్గరే బోల్తా.

సరే, గోడ పగలగొట్టలేం. అద్దిల్లు. సొంతిల్లైనా ఆ గోడ అవతల పక్కవాళ్ల గోడే ఉంది. మరేం చెయ్యగలం? చాలా చెయ్యగలం. కాకపోతే వరస తప్పకూడదు. ముందు వెలుగు, తర్వాత రంగు, ఆ తర్వాతే పాత సామాను. ఇన్‌స్టాలో రీల్స్ చూసి చాలామంది వెనకనించి మొదలుపెడతారు. చీకట్లో ఇత్తడి బిందె పెడితే అది ఇంకో చీకటి బిందె అవుతుంది, అంతే.

"నాకే కళ్లు కనపడట్లేదులే"

మా ఫ్రెండ్ ఒకమ్మాయి, వాళ్ల తమ్ముడు కలిసి మెహదీపట్నం వైపు ఓ పాత అపార్ట్‌మెంట్లో ఉంటున్నారు. వంటిల్లు ఏడడుగులు ఇంటూ ఎనిమిది. కిటికీ డక్టులోకే. ఇద్దరే ఉన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. సగం రోజులు స్విగ్గీ, మిగతా సగం ఎగ్ భుర్జీ. ఈమధ్య వాళ్లమ్మగారు ఊర్నించి వచ్చి వాళ్ల దగ్గరే ఉంటున్నారు. వచ్చిన వారానికి చారులో జీలకర్రకి బదులు వాము పడింది. ఇంకోరోజు పంచదార డబ్బా అనుకుని ఇడ్లీ రవ్వ కాఫీలోకి. తమ్ముడు నవ్వాడు. ఆవిడ కూడా నవ్వి, "నాకే కళ్లు కనపడట్లేదులేరా, పెద్దదాన్నయ్యా" అన్నారట. ఆ మర్నాటి నుంచి డబ్బా మూత తీసి వాసన చూసి వెయ్యడం మొదలుపెట్టారు. ప్రతి డబ్బా. ప్రతి పూటా.

ఇక్కడో విషయం చెప్పాలి. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కంటిలోని కటకం పసుపుబారుతుంది. అరవయ్యేళ్లు వచ్చేసరికి కంటి వెనక రెటీనాకి చేరే వెలుగు ఇరవయ్యేళ్ల వాళ్లకి చేరేదాంట్లో దాదాపు మూడో వంతే. అంటే మనకి "పర్లేదు, కనిపిస్తోంది" అనిపించే వంటిల్లు అమ్మకి సాయంత్రం ఏడు గంటల కరెంట్ కోత. తప్పు కళ్లది కాదు, గదిది. కానీ మనింట్లో ఆడవాళ్లు ఆ తప్పు ముందు తమ మీదే వేసుకుంటారు. ఈ వారం కాలమ్ మొత్తం ఆ ఒక్క మాట మీదే అనుకోండి.

ముందు నీడని పట్టుకోండి

గది మధ్యలో లైటుంటే, గట్టు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ లైటు వీపు వెనక ఉంటుంది. అంటే మన నీడ సరిగ్గా మనం కూరలు తరిగే చోట పడుతుంది. బల్బు వాటేజీ పెంచితే నీడ ఇంకా చిక్కబడుతుంది తప్ప పోదు. కావాల్సింది పెద్ద లైటు కాదు, సరైన చోట లైటు.

గట్టు పైన కప్‌బోర్డులుంటే వాటి అడుగున ఎల్‌ఈడీ స్ట్రిప్ గానీ సన్నటి ట్యూబ్ గానీ పెట్టించండి. గోడ వైపు కాదు, మీ వైపు అంచు దగ్గర. అప్పుడు వెలుగు చేతుల మీద పడుతుంది, నీడ వెనక్కి పోతుంది. కప్‌బోర్డులు లేకపోతే గోడకి క్లాంప్ లైటు చాలు. స్టవ్‌కి నేరుగా పైన వద్దు. ఆవిరి, నూనె జిడ్డు పట్టి నెల తిరక్కముందే మసకేస్తుంది.

బల్బు కొనేటప్పుడు అట్ట మీద రెండు అంకెలు చూడండి. ఒకటి కెల్విన్. 2700 అంటే పసుపు వెలుగు, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. మనింట్లో ఎక్కువగా ఉండేది ఈ 6500దే, అందుకే వంకాయ కూర కూడా హాస్పిటల్ క్యాంటీన్లో కూరలా కనిపిస్తుంది. వంటింటికి 4000 దగ్గర్లో ఉన్నది హాయి. రెండోది సీఆర్‌ఐ. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 100కి. 90 పైన ఉంటే ఉల్లిపాయ బంగారు రంగుకి వచ్చిందా, మాడే దగ్గరుందా అన్నది కంటికి తెలుస్తుంది. ఈ అంకె రాయని కంపెనీలు చాలా ఉంటాయి. రాసినవాళ్లది కొనండి.

మా ఫ్రెండ్ పెట్టిన ఖర్చులో సగం దీనికే పోయింది. మిగతా సగంలో రంగు, సామాను అన్నీ వచ్చేశాయి.

రంగు ఎక్కడ వేయాలి, ఎక్కడ వద్దు

రంగంటే సరదానే, కానీ ప్రతి ముదురు రంగూ కాస్త వెలుగుని మింగేస్తుంది. మంచి తెల్లగోడ తన మీద పడ్డ వెలుగులో 80 శాతం పైనే తిరిగి గదిలోకి పంపుతుంది. నల్ల గ్రానైట్ పంపేది అందులో పిసరంత. అందుకని ఓ చిన్న సూత్రం: గట్టుకి పైన లేత, గట్టుకి కింద ఆట.

సీలింగ్, పై గోడలు తెలుపు గానీ మజ్జిగ రంగు గానీ. గట్టు కింద తలుపులు మాత్రం మీ ఇష్టం. పసుపు, చిలకపచ్చ, నెమలికంఠం నీలం, కనకాంబరం రంగు. మనకి రంగులు బయటి నుంచి తెచ్చుకునే అవసరం ఏముంది? గడపకి పసుపు, కుంకుమ బొట్లు పెట్టిన జాతి మనది. ఊళ్లో సున్నంలో ఇంత నీలిమందు కలిపి గోడలకి కొట్టినవాళ్లం. అది అందానికే కాదు, సున్నం పసుపుబారినట్టు కనపడకుండా ఉండడానిక్కూడా.

నీలం మాటొచ్చింది కాబట్టి ఓ కథ. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటే షుట్టే-లిహోట్జ్‌కీ అనే ఆర్కిటెక్టు కార్మికుల ఇళ్ల కోసం ఓ వంటగది డిజైన్ చేసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. మన ఫ్లాట్ వంటిల్లుకి అక్కలాంటిది. దాదాపు పదివేల ఇళ్లలో పెట్టారు. చాలావాటికి నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వేశారు. నీలానికి ఈగలు రావని అప్పట్లో నమ్మకం. రంగు కంటే నాకు నచ్చింది రెండు: పనిబల్ల కిటికీ ఎదురుగా పెట్టింది, సీలింగ్ లైటుని పట్టాల మీద జరుపుకునేలా చేసింది. మనిషి ఎక్కడుంటే వెలుగు అక్కడికి. అయితే ఆ వంటగదికి పెద్ద విమర్శ కూడా ఉంది. ఒక్క మనిషే పట్టేలా కట్టారు కాబట్టి, ఆ ఒక్క మనిషీ ఇంట్లోవాళ్లకి దూరమై ఒంటరిగా నిలబడాల్సి వచ్చిందని. ఆ విమర్శ గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

అద్దె ఇల్లైతే ఓనర్‌ని అడక్కుండా బ్రష్ ముట్టుకోవద్దు. లామినేట్ తలుపులకి నేరుగా ఎనామిల్ కొడితే గోరు తగిలినా ఊడొస్తుంది. సన్నటి ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, ప్రైమర్ వేసి, అప్పుడు రంగు. అంత వద్దనుకుంటే తలుపులకి వినైల్ స్టిక్కర్లు వెయ్యండి, ఖాళీ చేసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి లాగేస్తే వచ్చేస్తాయి. స్టవ్ వెనక గోడకి మాత్రం స్టిక్కర్ వద్దు, వేడికి కరుగుతుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అక్కడ టైల్సో, స్టీలు రేకో ఉండాలి. స్టీలు రేకైతే వెలుగుని కూడా తిప్పి కొడుతుంది.

గట్టు కింద తలుపుల్లేని పాత వంటిళ్లకి కర్టెన్ అంత సులువైన దారి ఇంకోటి లేదు. పోచంపల్లి ఇక్కత్ ముక్క, పెడన కలంకారీ అచ్చు, మంగళగిరి గళ్లు. చిరిగిన చీర కొంగైనా సరే. ఒక్క సిలిండర్ దగ్గర మాత్రం కర్టెన్ వెయ్యకండి. గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే కిందే పేరుకుంటుంది. అక్కడ గాలాడాలి. సిలిండర్‌ని కప్‌బోర్డులో దాచే అలవాటుంటే ఆ తలుపుకి నేలకి దగ్గర్లో చిల్లులుండాలి.

పాతవి ఎక్కడ దొరుకుతాయి?

ముందు మీ ఇంటి అటక మీద. నిజం. అమ్మమ్మ పెళ్లిలో వచ్చిన కంచు గిన్నె, పేరు, తారీఖు చెక్కిన స్టీలు టిఫిన్, ఆవకాయ జాడీ, రాచ్చిప్ప, కవ్వం, హార్లిక్స్ సీసాలు. ఇవన్నీ "ఎవరైనా వాడతారా ఇప్పుడు" అని ఒకటొకటిగా పాతసామానువాడి తూకానికి పోతున్నాయి. తూకానికి పోయిన ఇత్తడి కరిగిపోతుంది. అందులో పేరుంటే పేరు కూడా.

ఇంట్లో లేకపోతే హైదరాబాద్‌లో ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మేరాత్ బజార్. జుమ్మేరాత్ అంటేనే గురువారం. పొద్దున్నే వెళ్లండి, బేరం ఆడండి, ఆటోకి చిల్లర ఉంచుకోండి. కొత్త ఇత్తడి, స్టీలు కావాలంటే బేగంబజార్. రంగుల చెక్క డబ్బాలు కావాలంటే ఏటికొప్పాక లక్కపిడతల పనివాళ్లు చేసినవి బాగుంటాయి. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అయితే లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి స్టవ్‌కి దూరంగా.

కొనేముందు మూడు జాగ్రత్తలు.

ఒకటి, ఇత్తడి, రాగి గిన్నెల్లో వండాలంటే లోపల కళాయి ఉండాలి. లేకపోతే చింతపండు, పెరుగు తగలగానే చిలుము పడుతుంది. కళాయి అంటే తగరం పూత. అది 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే ఖాళీ గిన్నెని మంట మీద వదిలెయ్యకూడదు.

రెండు, పాత రంగులేసిన చెక్క సామాను తెచ్చి ఎండు ఎమరీతో రుద్దకండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90కి మించకూడదన్న రూలు మన దేశంలో 2016లో తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందువి ఏంటో ఎవరికి తెలుసు! ఇంట్లో పసిపిల్లలుంటే అసలు ముట్టుకోవద్దు.

మూడు, సంతలో దొరికిన రంగురంగుల పాత పింగాణీ జాడీలో ఊరగాయ పెట్టకండి. పాత మెరుగుపూతల్లో సీసం ఉంటే పులుపు దాన్ని లాగేస్తుంది. అందులో గరిటెలు పెట్టుకోండి, కరివేపాకు రెమ్మ పెట్టుకోండి. ఊరగాయకి గాజు సీసా ఉంది.

మా ఫ్రెండ్ కొన్నది ఒకే ఒక్క పెద్ద వస్తువు: వలకన్ను తలుపులున్న చిన్న చెక్క బీరువా. ఫ్రిజ్ లేని రోజుల్లో పాలు, కూరలు పిల్లి నోట పడకుండా దాచింది ఇలాంటి వాటిలోనే. ఇప్పుడందులో ఉల్లిపాయలు, బంగాళదుంపలు, బెల్లం. గాలాడుతుంది, కుళ్లవు. కిటికీ పక్కన కొక్కేనికి ఉట్టి. అందులో నిమ్మకాయలు, టమాటాలు. ఉట్టి మీద మన సామెతలు మనకున్నాయి కానీ, చిన్న వంటింట్లో గట్టు మీద జాగా మిగల్చడానికి దాన్ని మించింది లేదు.

"ఉప్పెక్కడుంది?"

ఇదే అసలు పరీక్ష. ఏ వంటింట్లోనైనా హాల్లోంచి వినిపించే ప్రశ్న. ఉప్పెక్కడుంది, జల్లెడెక్కడుంది, లైటరెక్కడుంది. చీకటి వంటింట్లో సామానెక్కడుందో ఒక్కరికే తెలుస్తుంది, అదీ చేతి అలవాటు కొద్దీ. మిగతావాళ్లకి అది గది కాదు, గుహ. అందుకే లోపలికి రారు. రాకపోవడానికి అదో మంచి సాకు కూడా.

అమెరికాలో పేరుమోసిన వంటల రచయిత్రి జూలియా చైల్డ్ వంటగది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. గోడకి చిల్లుల బోర్డు, దానికి వేలాడే బాణలులు. ఏ బాణలి ఎక్కడో తెలిసేలా దాని చుట్టూ గీత గీసి ఉంటుంది. ఆ పని చేసింది ఆమె భర్త పాల్. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ దాని అర్థం పెద్దది: ఈ వంటింట్లో సామాను తీసేవాళ్లెవరైనా కావచ్చు, తిరిగి పెట్టాల్సిన చోటు ఇదిగో.

మన ఫ్లాట్లో దాన్ని రంగులతో చెయ్యొచ్చు. హార్లిక్స్ సీసాల మూతలకి రంగులు: కారానికి ఎరుపు, పసుపుకి పసుపు, ధనియాల పొడికి ఆకుపచ్చ, ఉప్పుకి తెలుపు, పంచదారకి గులాబీ. జీలకర్ర సీసాకి నీలం, వాముకి నారింజ. ఒకదాన్ని ఒకటి పోలకుండా ఉండాలి, అంతే. పేరు కూడా రాయండి, పెద్దక్షరాల్లో, తెలుగులో. గాజు కాబట్టి ఎంత మిగిలిందో బయటికే తెలుస్తుంది, "పప్పు అయిపోయింది" అని వంట మధ్యలో కేకలుండవు. బాణలులు, గరిటెలు గోడకి. గట్టు మీద రోజూ వాడేవే.

మా ఫ్రెండ్ వాళ్లింట్లో ఇప్పుడు వాసన చూసే కార్యక్రమం ఆగిపోయింది. వాళ్ల తమ్ముడు ఆదివారం దోసెలు వేస్తున్నాడు. గుండ్రంగా రావట్లేదు, కానీ వేస్తున్నాడు. కారణం అడిగితే, "ఏది ఎక్కడుందో తెలుస్తోందక్కా" అన్నాడు. వాళ్లమ్మగారు హాల్లో కూర్చుని, లోపల్నించి ఎవరూ ఏమీ అడక్కపోవడం కాస్త వింతగా ఉందన్నారు.

కాబట్టి ఈ వీకెండ్ రంగులు కొనడానికి పరిగెత్తకండి. ముందు ఓ పని చెయ్యండి. రాత్రి ఎనిమిదింటికి, మీ వంటింట్లో రోజూ ఎవరు నిలబడతారో సరిగ్గా వాళ్ల చోట నిలబడి ఓ ఉల్లిపాయ తరగండి. కత్తి మీద ఎవరి నీడ పడుతోందో చూడండి. అక్కడ మొదలుపెట్టండి.